నల్లా రాని రోజు నీళ్ళు

మా సంఘంలో ‘కనిపెట్టడం’ అంటే ప్రార్థనలో దేవుని జవాబు కోసం ఎదురుచూడటం. బయటి లోకంలో ఆ మాటకు లేనిదాన్ని కొత్తగా తయారుచేయడమనే అర్థం ఉంది. నేను మొదటి పద్ధతిలో మొదలుపెట్టి రెండో పద్ధతిలో ముగించినవాణ్ణి.

పన్నెండేళ్ళ కిందటి మాట. కిషన్‌బాగ్‌లో మాది రెండు గదుల ఇల్లు. అమ్మా నాన్నా పోయాక అక్కే నన్ను పెంచింది. తన చదువు మానేసి, మిషన్ మీద గల్లీ వాళ్ళ జాకెట్లు కుట్టి నన్ను డిగ్రీ దాకా లాక్కొచ్చింది. నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. నా భార్య ఆసుపత్రిలో నర్సు, ఆమె డ్యూటీలు గడియారానికే అంతుపట్టేవి కావు. కాబట్టి పిల్లల పాలూ, వంటా, బడీ, జ్వరాలూ అన్నీ అక్కవే. అప్పుడామెకు ముప్పై ఆరేళ్ళు. ఆమెకు పెళ్ళి కాలేదని మాకందరికీ తెలుసు. పనుల్లో పడి మర్చిపోయేవాళ్ళం, అంతే.

మర్చిపోనివాడు ఒకాయన వచ్చాడు. దబీర్‌పురాలో ఉంటాడు, రైల్వేలో పని, భార్య చనిపోయి నాలుగేళ్ళు. మా సంఘం క్రిస్మస్ కూడికలో అక్కను చూశాడట. బత్తాయిలు పట్టుకొని ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి సూటిగా అడిగాడు.

“తమ్మీ, ఇంటికి పెద్దోడివి నువ్వేనాయె. మీ అక్కను చేసుకుందామని వచ్చిన. చిన్నోడివైనా నిన్నే అడగాలె గదా.”

“ప్రార్థన చేసి చెప్త అన్నా,” అన్నాను. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. ఏ కాగితం వచ్చినా ‘పరిశీలనలో ఉన్నది’ అని రాయడం నా చేతికి అలవాటు. అప్పుడు నోటికీ వచ్చింది.

లోపలి గదిలో మిషన్ ముందున్న అక్కను అడిగాను.

“దేవుని చిత్తమేందో నువ్వే కనుక్కో తమ్మీ,” అంది తలెత్తకుండా. “ఆయన సరే అంటే నాకు సరే.”

అంటూ అంటూ జాకెట్టు చేతిని తిరగేసి కుట్టేసింది. నాలుక కరుచుకుని, కుట్టు విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళలో ఆమె కుట్టు తప్పడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. చూసి, చూడనట్టు బయటికొచ్చాను.

మా సంఘంలో గుర్తు అడగకుండా ఏ పనీ చెయ్యరు. స్కూటర్ కొనాలా వద్దా తెలియక ఒకాయన, వాన పడితే కొంటానని దేవునికి షరతు పెట్టాడు. పెట్టింది జూలైలో. మా పాస్టరు అయ్యగారు నాకూ అదే చెప్పారు: “గుర్తు అడుగు బిడ్డా, దేవుడు చూపిస్తడు.”

మా గల్లీకి నల్లా దినం తప్పించి దినం వస్తుంది. నేను మోకరించి, రేపు రాని రోజు కదా, ఇది నీ చిత్తమైతే రేపు పొద్దున నీళ్ళు రావాలి ప్రభువా, అని అడిగాను. కష్టమైన గుర్తు ఎందుకు ఎంచుకున్నానో ఆ పూట నన్ను నేను అడగలేదు.

మర్నాడు నేను సబ్బు నురగతో అద్దం ముందున్నాను. ఎదురింటి చాచీ కేక వినబడింది: “పానీ ఆయా! అరే, ఆజ్ భీ పానీ ఆయా!” నీళ్ళొచ్చాయని గల్లీలో బిందెల లొల్లి మొదలైంది. నా గడ్డం సగం తెల్లగా, సగం నున్నగా అలాగే ఆగిపోయింది.

తర్వాత గీసుకోవడం పూర్తి చేశాను. వెనక గల్లీలో పెళ్ళి ఉంది, లైన్‌మన్‌ను బతిమాలి వాల్వు తిప్పించుకుని ఉంటారు అనుకున్నాను. దేవుడు లైన్‌మన్ చెయ్యి వాడుకోకూడదా అన్న ఆలోచన నాకు తట్టకపోలేదు. తట్టింది, నేనే తలుపు తియ్యలేదు. ఇంకో గుర్తు అడిగాను: రేపు నల్లా వచ్చే రోజు కదా, నీ చిత్తమైతే రేపు రాకూడదు. ఎప్పట్లాగే వచ్చింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. దేవుని చిత్తానికి నేను ఇన్ని చిత్తుప్రతులు రాసి, చివరికి నాకు నచ్చినదాని మీద ఆయన సంతకం పెట్టించాను.

మూడో ఆదివారం దబీర్‌పురా ఆయన మళ్ళీ వచ్చాడు. “ఎన్ని దినాలు చేస్తవ్ తమ్మీ ప్రార్థన? దేవునికి గూడ ఇసుగొస్తది,” అని నవ్వాడు.

“ఆయన చిత్తం కాదన్నా.”

నవ్వు ఆగింది. “ఆమె ఏమన్నది?”

“దేవుని చిత్తమే తన చిత్తమన్నది.” అది అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్ళూ నన్ను వదల్లేదు.

“గట్లనా,” అని చెప్పులేసుకున్నాడు. ఏడాది తర్వాత వేరే సంఘంలో ఆయన పెళ్ళయిందని విన్నాం. ఆ వారం అక్క పిల్లలకు యూనిఫాంలు కుట్టింది.

ఇప్పుడు పిల్లలు కాలేజీకి వచ్చారు, అక్కతో వాళ్ళకు పని తగ్గింది. చూపు మందగించి ఆమె మిషన్ మానేసింది. నన్ను సంఘపెద్దను చేశారు. దేవుని చిత్తం తెలుసుకోవడమెలాగని జనం నన్ను అడుగుతారు. పోయిన నెల ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అక్క ముందు కూర్చుని అంతా చెప్పేశాను.

“నాకెర్కనే,” అంది.

“ఎట్ల?”

“నువ్వు ప్రార్థన చేస్తే గల్లీ అంత ఇంటది గదరా. ఆ నీళ్ళు నేనే పట్టిన. రెండు డ్రమ్ములు నిండినయ్. గడ్డం గీసుకోని బయటికొచ్చి చెప్తవని నిలబడ్డ.”

“మరి నువ్వెందుకు అడగలే అక్కా?”

“దేవుడే చెప్పినంక, మళ్ళ నేను గూడ చెప్పాల్నా?”

క్షమించమన్నాను. “ఎప్పుడో క్షమించిన,” అంది. నిజమే అయి ఉంటుంది. కానీ దానివల్ల ఆమెకు గానీ నాకు గానీ తిరిగొచ్చింది ఏమీ లేదు. నాకు తెలిసిన ఒక్క మాటే అన్నాను: “నీ కోసం ప్రార్థన చేస్త అక్కా.”

చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

“వద్దురా. నా గురించి ఆయన్ను ఏమడగకు.”

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. ఇంట్లో అందరి కోసం ఇప్పటికీ రోజూ ప్రార్థన చేస్తాను. భార్య పేరు, పిల్లల పేర్లు చెప్తాను. అక్క పేరు రావలసిన చోట కాసేపు ఆగి, దాటి, ఆమెన్ అంటాను.