పిట్టలకూ నైట్ డ్యూటీ

మెట్టుగూడలో మా పై ఫ్లోర్ వాళ్ళు లవ్ బర్డ్స్ తెచ్చుకున్నారు. పొద్దున్నుంచీ ఒకటే కీచుకీచు. అవి ఉన్నట్టుండి ఆగితే మాత్రం నాకు ఇప్పటికీ అనుమానమే.

నా చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో, మా పక్కింటి యాదమ్మత్త వరండాలోనూ అలాంటివే ఉండేవి. గింజల కోసం కొట్లాడుకుంటూ, ఒకదాని తోక ఒకటి పీకుతూ గోడ ఇవతలి మాకు వినబడేలా అరిచేవి. నాన్న నైట్ డ్యూటీ దిగి, డీజిల్ వాసనతో వచ్చి మా గేటు తీయగానే గప్‌చుప్ అయిపోయేవి.

"పిట్టలకు మనిషి గుణం తెలుస్తది" అనేది నాయనమ్మ. మరి నాన్న గురించి వాటికేం తెలిసింది? ఆయన పక్కన కూర్చోవడం మానేశాను. ముద్ద పెట్టబోతే నోరు తెరిచేదాన్ని కాదు.

ఒక పొద్దున ఆయన వచ్చే వేళకు పక్కింటి వరండాలో స్తంభం చాటున నక్కాను. మా గేటు కిర్రుమంది. అత్త వంటింట్లోంచి గబగబా వచ్చి పంజరం మీద పాత దుప్పటి కప్పింది. అరుపులు ఆగిపోయాయి.

"ఎందుకత్తా?" అన్నాను బయటికి వచ్చి.

"మీ నాయన రాత్రంత బండి నడిపి వచ్చిండు గద బిడ్డా. జెర నిద్రపోనియ్యి. చీకటైందనుకుంటే ఇవి సుత పంటయి."

ఆ సంగతి అత్త ఆయనకెప్పుడూ చెప్పలేదు.

"ఆ పిట్టలకు సుత నా లెక్కనే నైట్ డ్యూటీ ఉన్నట్టుంది" అనేవాడు నాన్న, ఆవలిస్తూ. "నేను పండుకునే టైముకే పంటయి."