శ్రీ తియ్యనన్నాను

ఆ ఒక్క అక్షరం తీసేస్తే పది నిమిషాల్లో పనైపోతుందని అందరూ చెప్పారు. కోర్సు పెట్టే అబ్బాయి చెప్పాడు, హాలు కమిటీ పెద్దలు చెప్పారు, చివరికి దాన్ని రాయించిన మా నాన్నే చెప్పాడు. నేను తియ్యనన్నాను. మొండిదాన్నని మా ఊరు రాకిరాకిలో నాకు ముందు నుంచే పేరుంది కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

మా దీవిని ఊడ్చేసిన తుఫాను తర్వాత మా ఊరి చక్కెర మిల్లు మళ్ళీ తెరవలేదు. ఆ మిల్లు ఆఫీసులో రైతుల చెరుకు లెక్కలు టైపు చేసి చేసి సగం వయసు గడిపిన నేను, బజార్లో భజియాలు అమ్మడానికి కూర్చున్నాను. భజియాలు అమ్మడం తప్పని నేననను. కానీ కీబోర్డు మీద చకచకా పరుగెత్తిన వేళ్ళు శనగపిండిలో మునిగి ఉంటే చూసుకుని నాకు ఒళ్ళు మండేది. అలాంటప్పుడు రాజధాని సువా నుంచి ఒక సంస్థవాళ్ళు పెద్దవాళ్ళకు ప్రోగ్రామింగ్ ఓనమాలు నేర్పుతామని కబురు పెట్టారు. ఏ ఊళ్ళో హాలూ కంప్యూటర్లూ సిద్ధంగా ఉంటే ఆ ఊరికే వచ్చి నేర్పుతారట. లేకపోతే లౌటోకా పట్నం వెళ్ళాలి. నాన్నకు ఎనభై దాటాయి, పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోయి పెరట్లోకి వెళ్ళిపోతాడు. ఆయన్ని ఒక్కణ్ణే వదిలి పొద్దున బస్సెక్కి పొద్దుగూకాక దిగడం నావల్ల కాదు. మా హాల్లో కోర్సు పెడితే నాకు చదువు, లేకపోతే మళ్ళీ భజియాల మూకుడే.

కంప్యూటర్లకు మాత్రం కొదవలేదు. ఆక్లాండ్‌లో స్థిరపడ్డ మా ఊరివాళ్ళు తాము వాడేసిన ల్యాప్‌టాప్‌లు సంఘం హాలుకు పంపారు. వాటిని తుడిచి, లోపలున్న పాత సరుకంతా చెరిపి, కొత్తగా తయారుచేసే పని నా నెత్తిన పడింది. నాన్న కూడా నాతో హాలుకొచ్చి పక్కన కూర్చునేవాడు. మా చుట్టుపక్కల తెలుగు బాగా రాయగలిగినవాడు ఇక ఆయనొక్కడే. ఆదివారాలు ఆ హాల్లోనే పిల్లలకు అక్షరాలు దిద్దిస్తాడు. మా ఇంట్లో కొత్తది ఏది వచ్చినా మొదట దాని మీద శ్రీ రాయాలి. పలక మీదా, గోధుమపిండి డబ్బా మీదా, చెరుకు లారీ తలుపు మీద సుద్దముక్కతోనూ ఆయన రాశాడు. మిల్లువాళ్ళిచ్చిన కాంట్రాక్టు కాగితాన్ని కూడా వదల్లేదు.

ల్యాప్‌టాప్‌లో ఖాతా తెరవబోతే, పేరేమిటని అడిగింది. నాన్న ముందుకు వంగాడు. "ముందు శ్రీ రాయాల," అన్నాడు, అంతకు మించి చర్చ లేనట్టు. నాకూ అది సబబుగానే తోచింది. సెట్టింగుల్లో వెతికి తెలుగు మీటలు తెప్పించాను. ఒక్కో మీటా నేను చూపిస్తుంటే ఆయన నొక్కాడు. తెర మీద శ్రీ కనిపించగానే లెంపలు వేసుకున్నాడు. అన్ని ల్యాప్‌టాప్‌లకూ అదే పేరు పెట్టాం.

పీటముడి అక్కడే పడింది. కోర్సువాళ్ళు పంపిన పెన్‌డ్రైవు పెట్టి, కోడు రాసే సరంజామా ఎక్కించబోతే, సగం దాకా వెళ్ళి ఎర్రెర్రటి వరుసలు కక్కి ఆగిపోయింది. ఒకటి కాదు, అన్నీ అంతే. వారం మధ్యలో సువా నుంచి తనిఖీకి వచ్చిన అబ్బాయి చూసి నవ్వాడు. మంచివాడే, పొగరేమీ లేదు, నా భజియాలు మెచ్చుకుని తిన్నాడు. వాళ్ళ సరంజామాలో ఒక పాత ముక్క ఉందట. ఖాతా పేరుతో ఒక ఫోల్డరు తయారవుతుంది, దాని దారిలో ఇంగ్లీషు కాని అక్షరం తగిలితే ఆ ముక్క అక్కడే చతికిలపడుతుందట. "ఆంటీ, ఈ నామ్ నికాల్ దేవ్, సబ్ ఠీక్ హోయ్ జాయీ," అన్నాడు. ఈ పేరు తీసెయ్, అంతా బాగైపోతుందని. శనివారం మళ్ళీ వస్తానన్నాడు. అప్పటికి అన్నీ నడవకపోతే మా హాలు వదిలేసి ఇంకో ఊరు చూసుకుంటారు.

అతను వెళ్ళాక కమిటీ పెద్దల చెవిన వేశాను. వాళ్ళు హాలు వెనక చాప మీద గ్రోగు గిన్నె చుట్టూ కూర్చుని ఉన్నారు. మేం గ్రోగనేది యంగోనా వేరు పిసికిన నీళ్ళనే. అది తాగుతున్నప్పుడు మా మగవాళ్ళకు ప్రపంచంలో ఏదీ అంత పెద్ద సమస్యగా కనబడదు. ఒక కొబ్బరిచిప్పెడు తాగి, ఆనవాయితీగా ఒకసారి చప్పట్లు కొట్టి, తీసెయ్యమ్మా దానికేం, దేవుడు తెర మీదుంటేనే ఉంటాడా అన్నారు. కార్యదర్శి అయితే, కోర్సు పోతే ఊరికి మొహం ఎలా చూపిస్తావని కూడా దెప్పాడు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఆయన కోప్పడతాడనీ, ఆ కోపం నాకు కాస్త బలమిస్తుందనీ అనుకున్నాను. ఆయన కోప్పడలేదు.

"అది అడ్డమైతే తీసెయ్ బిడ్డా, ఫికర్ లేదు," అన్నాడు. "మా ఆజా పేరే డిపోలో మార్చిండ్రు. ఏమైంది? బతికినాం."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆజా అంటే తాత. గిర్మిట్ కూలీగా, అంటే ఒప్పందపు కూలీగా, ఆయన్ని మద్రాసు డిపోలో ఈ దీవులకు ఓడెక్కించేటప్పుడు, ఆయన పేరు గుమాస్తా నోటికి తిరగలేదు. తనకు తోచిందేదో గీకి పారేశాడు. అసలు పేరేమిటో నాన్నకే తెలీదు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరని ఉన్నది ఎవరో గుమాస్తా బద్ధకం. బతికాం, నిజమే. గట్టు మీద గడ్డి కూడా బతుకుతుంది. కానీ ఎనభై ఏళ్ళ మనిషి తన చేత్తో నొక్కిన అక్షరాన్ని తనే తీసెయ్యమంటున్నాడే, అంత సులువుగా వదులుకోవడం ఈయనకు ఎవరు నేర్పారు? ఏడుపొచ్చింది. ఏడవలేదు.

"తియ్యను నాయనా," అన్నాను.

మర్నాడు పొద్దున్నే హాలు తెరిచి కూర్చున్నాను. మిల్లులో ఒక పద్ధతుండేది. వర్షాలకు వంతెన మునిగి రైతు లారీ మిల్లు దాకా రాలేకపోతే, ఆ రైతు పేరు కొట్టెయ్యం, చెరుకు దించే చోటు మారుస్తాం. ఇదీ అంతే కదా అనుకున్నాను. దారిలో తగిలితేనే ఆగిపోతుందని ఆ అబ్బాయే చెప్పాడు, మరి దారే మారిస్తే? శ్రీ ఫోల్డరు జోలికి పోకుండా, డిస్కు మొదట్లోనే ఇంగ్లీషు అక్షరాలతో ఒక కొత్త ఫోల్డరు చేసి సరంజామా అంతా అందులోకి ఎక్కించాను. ఈసారి ఇంకాస్త దూరం వెళ్ళి మళ్ళీ ఎర్రబడింది. తల ప్రాణం తోకకొచ్చింది. అంతలో కరెంటు పోయింది. అది వచ్చేసరికి నా ఫోన్లో డేటా అయిపోయింది. నన్ను దెప్పిన కార్యదర్శే వచ్చి, తన ఫోను నెట్ కలిపి, ఫోను అక్కడే పెట్టి వెళ్ళాడు. ఎర్ర వరుసల్ని ఒక్కొక్కటిగా చదివాను. పని మధ్యలో చిత్తుకాగితాలు పడేసుకునే చోటు ఒకటుంటుంది, అది ఇంకా శ్రీ ఇంట్లోనే ఉంది. దాన్నీ బయటికి మార్చాను. నడిచింది. నేను ఒక్కదాన్నే హాల్లో గట్టిగా ఓ బూతు మాట అన్నాను, సంతోషంతోనే. మిగతావాటికీ అలాగే చేశాను.

శనివారం, కోర్సుకు పేరిచ్చిన ఆడవాళ్ళంతా వచ్చారు. చాలామంది మిల్లు మూతపడ్డాక ఇళ్ళల్లో మిగిలిపోయినవాళ్ళే. అబ్బాయి ఒక్కో ల్యాప్‌టాప్ నడిపి చూశాడు, అన్నీ నడిచాయి. బాగా చేశావాంటీ అన్నాడు, మనస్ఫూర్తిగానే. తర్వాత మెడ గోక్కున్నాడు. ఇది వాళ్ళ పద్ధతి ప్రకారం పెట్టింది కాదు. ఏదైనా ఆగిపోతే తమ ట్రైనరు బాగుచెయ్యలేడు, అలాంటి హాలుకు ట్రైనర్ని పంపే వీలు లేదని సువాలో చెప్పారట. ఇప్పుడైనా ఆ పేరు మార్చేస్తే సోమవారమే మనిషొస్తాడు. మార్చకపోతే పాఠాలు మాత్రం ఇచ్చి వెళతాడు, నేర్పేవాళ్ళను మేమే చూసుకోవాలి.

నా పంతం కోసం వీళ్ళందరి చదువూ పణంగా పెట్టడానికి నేనెవర్ని? వాళ్ళ వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు తీసెయ్యమంటే తీసేస్తాను, ఇష్టం లేకుండా తీసేస్తాను, కానీ తీసేస్తానన్నాను.

మిల్లు క్యాంటీన్లో వంట చేసిన ఆవిడ లేచింది. "దీదీ, తుమ్ సికాయేగా?" అంది. నువ్వు నేర్పుతావా అని.

"నాకే రాదు," అన్నాను.

"నేర్చుకుని చెప్పు. ఎప్పుడూ బయటినుంచి ఎవరో రావాలా మనకు?"

మిగతావాళ్ళెవరూ కాదనలేదు. అబ్బాయి పాఠాలున్న పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి, కష్టమాంటీ అన్నాడు. ఎప్పుడు సులువుగా ఉంది బాబూ అన్నాను.

సోమవారం హాలు నిండింది. ల్యాప్‌టాప్‌లన్నీ వచ్చినవాళ్ళకే సరిపోయాయి. నేర్చుకోవడానికి అందరికంటే ముందు పేరిచ్చుకున్న నేను బోర్డు ముందు నిలబడ్డాను. మొదటి పాఠం తెరిచాను. గొంతెత్తి మొదటి వరుస చదివాను.