బోర్లా తిరగబడిన సముద్రం

మా ఒంగోలు కాలేజీలో నేను చెప్పే జియాలజీకి అదే ఆఖరి ఏడాది అవుతుందేమోనని నాకు లోలోపల భయం. పిల్లలంతా కంప్యూటర్ల మీద పడ్డారు. జూన్‌లో కొత్తవాళ్లు చేరకపోతే సెక్షన్ ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ గారు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఉన్న కొద్దిమందీ డిగ్రీ మూడో ఏడు వాళ్లే, పత్తి, మిరప పండించే ఇళ్ల పిల్లలు. రాయంటే వాళ్లకు ఇంటి ముందు పరిచిన నాపరాయే. భూమి పొరలు ముడుచుకుంటాయని వాళ్లకు దుప్పటి మడిచి చూపిస్తుంటే నాకే నవ్వొచ్చేది.

అందుకే ఆ చలికాలం వాళ్లను గిద్దలూరు దాటాక వచ్చే నల్లమల ఘాట్ రోడ్డుకు తీసుకెళ్లాను. రోడ్డు కోసం కొండను కోసిన చోట రాతి పొరలు విల్లులా వంగి ఉన్నాయి. బస్సులో సినిమా పాటలతో నా చెవులకు చిల్లులు పెట్టిన గుంపు అక్కడ దిగగానే ఆ వంపు మీద వేళ్లు పెట్టి, దాని వెంటే నడిచింది.

ఫొటో స్టూడియోలో అడిగి తెచ్చుకున్న డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీశాం. నెట్ సెంటర్‌లో కూర్చుని, దేశదేశాల జియాలజీ వాళ్లుండే ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాం. ఒక్కో ఫొటో ఎక్కేసరికి ఒక టీ అయిపోయేది. ఎవరూ పలకరనుకున్నాను. ఎక్కడో చలిదేశపు ప్రొఫెసర్ ఒకాయన ఒకే ఒక్క ప్రశ్న రాశాడు: ఆ పొరలు ఏర్పడినప్పుడు పైన ఉన్న వైపు ఏది? ఫొటో చూసి చెప్పలేమట. రాతి మీద పాత అలల గుర్తులుంటే, వాటి పదునైన అంచులు ఎటు చూస్తున్నాయో వెతకమన్నాడు; ఇసుక మీద అల గీసినప్పుడు ఆ అంచులు ఎప్పుడూ పైకే ఉంటాయట.

ఆదివారం అందరం మళ్లీ వెళ్లాం. ముందుకు పొడుచుకొచ్చిన ఒక పొర కింద వెల్లకిలా పడుకుని చేతులతో తడిమాం. ఎన్ని కోట్ల ఏళ్ల నాటివో, నీళ్లు ఇసుకలో గీసి వదిలిన అలలు దొరికాయి. వాటి అంచులు పైకి కాదు, మా మొహాల మీదికి చూస్తున్నాయి. అంటే కొండలో ఆ భాగమంతా బోర్లా తిరగబడి ఉంది.

నా పక్కన పడుకున్న పర్చూరు వైపు పత్తిరైతు కూతురు రాతి మీద చెయ్యి తియ్యకుండానే మెల్లగా అంది: "మేడమ్, మనం సముద్రానికి కింద ఉన్నామండి."

జూన్‌లో ఒక్కరూ చేరలేదు. సెక్షన్ ఎత్తేసి నాకు పర్యావరణం పాఠాలు అప్పగించారు. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆ నెలలోనే ఒక పొద్దున ఆ చివరి బ్యాచ్ అంతా జీపు మాట్లాడుకుని మా ఇంటి ముందుకొచ్చి, ఇంకో కొండ చూపించమని అడిగారు. వాళ్లకిక పరీక్షల్లేవు, నాకు సెక్షన్ లేదు. సుత్తి తీసుకుని జీపెక్కాను.