వెనక సీట్లో కూర్చున్న మేస్త్రీ

పన్నెండేళ్లుగా కార్ల కింద పడుకున్నది ఆమె, పేరు కొట్టేసినవాడు ఆమె అన్న. స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ సరిచేయడం మొత్తం ఆమె చేతిపనే. బండి యజమాని వస్తున్నాడంటే చాలు, అన్న చేతులకు కాస్త గ్రీజు పూసుకుని ఎదురెళ్లేవాడు. "ఆడమనిషి చేసిందంటే వాళ్లకి మనసొప్పదే" అనేవాడు. ఆమె తర్వాతి బండి కిందికి దూరేది.

ఒకనాడు ఓ టాక్సీ డ్రైవరు వచ్చాడు. అతను కొన్న పాత కారుకి మునుపటి యజమాని రేసు బండి సోకుతో కంపెనీవి తీయించి, మర తిప్పి గట్టిగానో మెత్తగానో మార్చుకునే బయటి షాకబ్జార్బర్లు వేయించాడు. రాయిలా గట్టివి. నడుముకి ఆపరేషనైన తల్లిని వారం వారం ఆసుపత్రికి తిప్పాలి, మెత్తబరచమన్నాడు. "నువ్వే చెయ్యాలి మేస్త్రీ" అంటూ అన్న పక్కనే నిలబడ్డాడు. అన్నకి స్పానరు పట్టక తప్పలేదు.

ఆమె చీటీ రాసిచ్చింది: వెనక పద్దెనిమిది క్లిక్కులు. షాకబ్జార్బరు నెత్తిమీది మరను పూర్తిగా బిగించి, అక్కణ్ణుంచి వదులుతూ టిక్కుమన్న ప్రతిసారీ ఒకటిగా లెక్కపెట్టాలి; ఎంత వదిలితే అంత మెత్తన. అలవాటు తప్పిన అన్న పూర్తిగా వదిలేసి, బిగిస్తూ లెక్కపెట్టాడు. మెత్తబడాల్సింది దాదాపు రాయిలాగే మిగిలింది.

మర్నాడే కారు తిరిగొచ్చింది. వెనక సీట్లో డ్రైవరు తల్లి నొప్పికి పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

"రోడ్లు అలా ఏడిస్తే మేమేం చేస్తాం?" అన్నాడు అన్న.

"రోడ్డుని ఎందుకంటావు అన్నయ్యా, నువ్వు తిప్పిందే తప్పు."

"నువ్వు లోపలికి పో."

"పోను. ఈ బండి నేనే చూస్తాను. వాళ్లకి ఇష్టం లేకపోతే తీసుకెళ్తారు."

డ్రైవరు నసిగాడు. తల్లి తలుపు తీసింది. "విరిగేది వాడి నడుమా, నాదా? రావే అమ్మాయ్."

చెల్లెలు మరలన్నీ మొదటినుంచి సరిచేసి, డ్రైవరును నడపమని, తను ముసలామె పక్కన కూర్చుంది. కుదుపు తెలిసేది వెనకే కదా. స్పీడ్ బ్రేకరు దాటగానే ఆపించడం, దిగి ఒక క్లిక్కు మార్చడం. మరీ వదిలితే బండి పడవలా ఊగుతుంది.

"ఇప్పుడెలా ఉంది పిన్నీ?"

"ఇంకా కుమ్ముతోందే."

నాలుగోసారి దాటాక ముసలామె కుదుపు మాటే మరిచిపోయింది. పక్కింటావిడ గొడవలు చెప్పడం మొదలెట్టింది.

షెడ్డుకొచ్చాక పని చీటీలో 'చేసినవారు' అన్నచోట సంతకానికి అన్న కలం తీశాడు. ఆమె అందుకుని తన సంతకం పెట్టింది. "ఇకనుంచి ఇంతే. కుదరదంటే ఎదురుగా వేరే షెడ్డు పెడతా."

మూడు రోజులు అన్న మూతి ముడుచుకున్నాడు. ఆమె మాత్రం వచ్చిన ప్రతి బండి చీటీ మీదా సంతకం పెడుతూనే ఉంది.

ఇలాంటి చేతులు మీరు వెళ్లే షెడ్డులోనూ ఉంటాయి. ఈసారి పని ఎవరు చేశారో అడగండి. ఆ మనిషిని పిలిపించి, చీటీ మీద వాళ్ల సంతకం పడ్డాకే తాళాలు తీసుకోండి.