కొయ్యబిడ్డ

ఉదయగిరిలోని ఒంటిగది మ్యూజియానికి కాపలాదారు సిద్ధయ్య రోజూ తలుపు తీసేముందు, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, ఒకసారి దగ్గుతాడు. లోపలి అద్దాలపెట్టెలో మూరెడు పొడవున్న నల్లటి కొయ్యబొమ్మ ఉంది. రాజులకన్నా వేల ఏళ్ల ముందటిదని కింద కాగితం మీద రాశారు. కరువుపనిలో వరికుంటపాడు చెరువు పూడిక తీస్తుంటే అది అతని గడ్డపారకే తగిలింది. బురదలో చిన్న చెయ్యి కనబడేసరికి పసిబిడ్డను పొడిచాననుకుని కేకపెట్టాడు. బొమ్మేనని అందరూ నవ్వినా, ఆ కేక అతని చెవుల్లోంచి పోలేదు. ఉన్న గొర్రెలు అమ్మేసి, అడిగి మరీ ఈ పనిలో చేరాడు. బొమ్మ విరిగిన భుజం సంగతి ఎవరడిగినా, "పాతకాలం దెబ్బ" అనేవాడు.

ఒక మధ్యాహ్నం వరికుంటపాడు నుంచి పెంచలమ్మ నడిచి వచ్చింది. అంతకు ముందటేడు వానల్లో ఆమె కొడుకు ఆ చెరువులోనే మునిగిపోయాడు. శవం దొరకలేదు.

"చెరువులో బిడ్డ దొరికినాడని సంతలో అనుకుంటా ఉండారు" అంటూ ఆమె అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది. "మావాడు కాదు. ఈ బిడ్డ భుజానికి ఏమైందన్నా?"

సిద్ధయ్య పెట్టె దగ్గరికొచ్చాడు. "నేనే పొడిచినానమ్మా. చూసుకోలేదు."

"తెలిసి చేసినావా ఏంది!" అందామె మెల్లగా. "ఒక్కసారి ఎత్తుకుంటాను, తియ్యి."

సిద్ధయ్య పెట్టె తెరిచి, బొమ్మను ఆమె చేతుల్లో పెట్టాడు. బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఎవరూ రాకుండా గడప మీద కూర్చున్నాడు. లోపల జోలపాట ఆగిపోయాక కూడా, తలుపు తీయడానికి అతనికి చాలాసేపు చెయ్యి రాలేదు.