పడవలో విన్న లెక్కల పాఠం

కరోనాకి బడులు మూతపడేనాటికి నేను శ్రీకూర్మం దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న ఓ ఊళ్లో లెక్కల టీచర్ని. విజయనగరంలో మా ఇంటి నుంచే పొద్దున్న ఫోన్లో క్లాసు చెప్పేదాన్ని. పిల్లలు కెమెరాలు ఆపేసుకునేవారు. వింటున్నారో లేదో తెలిసేది కాదు.

తొమ్మిదో తరగతిలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసే అమ్మాయి ఒక్కరోజూ క్లాసులోకి రాలేదు. వాళ్ల నంబరుకు ఫోన్ చేస్తే, ఇంజను మోత మధ్య తండ్రి పలికాడు.

“నాను సముద్రంలో సేపల ఏటలో ఉన్నానండి మేడమ్. పిల్ల ఇంటికాడుంది. ఉన్నది ఒకటే ఫోను. ఒడ్డుకొచ్చినప్పుడు సేపలు కొనేవోళ్లకి కబురు సెప్పాల కదండీ.”

కాదనడానికి ఏముంది? క్లాసు అయ్యాక అదే పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసి ఆ నంబరుకు పంపడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం పడవ వచ్చాక ఆమె విని, లెక్కలు చేసి, ఫొటో తీసి పంపేది. ఒక ఫొటోలో కాగితానికి చేప పొలుసు అంటుకుని ఉంది.

ఒకరోజు తండ్రి గొంతుతో మెసేజ్ వచ్చింది.

“మేడమ్, ఎక్స్ ఎక్స్ అంటన్నారు, అదేటండి? వల ఏసి కూకొని అందరం ఇంటన్నాం. ఒకడు సేపల లెక్కంటన్నాడు, ఒకడు వల బరువంటన్నాడు.”

నవ్వొచ్చింది. “ఇద్దరి మాటా సరైనదే. మనకింకా తెలియనిదానికి పెట్టుకున్న పేరది” అని జవాబు పంపాను.

ఆ వారమే అమ్మాయి ఫోన్ చేసింది. “మేడమ్, మా నాన్న నాకంటే ముందే ఇనేసి, ఇంటికొచ్చి నన్ను ప్రశ్నలడుగుతన్నాడండి!” గొంతులో కోపం నిజమైనదే. నాకు మాత్రం ఆ పూటంతా హాయిగా ఉంది. పలకని క్లాసుకు పాఠం చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను మరి.

బడి తెరిచిన రోజు తండ్రీ కూతురూ కలిసి వచ్చారు. గేటు దగ్గర ఆయన అడిగాడు.

“ఇంక ఫోనుకి పాటాలు రావేటండి?”

“నాన్నా, నువ్వెల్లు!” అంది పిల్ల సిగ్గుపడి.

“ఇకమీదట మీ అమ్మాయే చెబుతుంది లెండి” అన్నాను.

“అది సెప్పదండి. ఇసుక్కుంటాది.”

ఆమె పదో తరగతి దాటేదాకా వారానికో పాఠం, చివర ఓ లెక్కతో ఆయనకు పంపుతూనే ఉన్నాను. జవాబులు అన్నీ తప్పకుండా వచ్చేవి, గాలి హోరుతో సహా. కొన్ని తప్పులే. దిద్ది పంపేదాన్ని.