ఒక్కరినే మోసిన చక్రం

నిన్న నెల్లితోపు మార్కెట్ పక్కన సైకిల్ షాపులో ఒకాయన పాత చక్రాన్ని తిప్పుతూ స్పోకులు ఒక్కొక్కటే వేలితో మీటుతున్నాడు. కూరల సంచి కింద పెట్టి నిలబడిపోయాను. ఎన్నో ఏళ్ల కిందట మా గుమ్మంలో విన్న చప్పుడే అది.

కాలాపేట యూనివర్సిటీలో గుమాస్తా ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి పిలిచిన రోజున ఊళ్లో బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. వాయిదా వేశారేమో కనుక్కుందామంటే ఇంట్లో ఫోను లేదు. ఆ ఏడు దాటితే నాకు వయసు మీరిపోతుంది, ఇంక ఏ సర్కారు ఉద్యోగానికీ పనికిరాను. నా లేడీస్ సైకిల్ మీద దిగబెడతానని మా ఆయన ధీమాగా అన్నారు. ధీమాకేం తక్కువ, ముందురోజు అదే క్యారియర్ మీద బియ్యం మూట వేసుకొచ్చిన ఘనుడు. పొద్దున చూస్తే వెనక చక్రం అష్టవంకరలు పోతోంది.

విరిగిన స్పోకు ఒక పట్టాన కంటికి దొరకదు. పక్కవాటి అల్లికలో ఇరుక్కుని బాగున్నట్టే నిలబడుతుంది. మీటితే మంచిది ఖంగుమంటుంది, విరిగింది చప్పగా పలుకుతుంది. మా ఆయన మీటుతుంటే చప్పగా పలికినవి లెక్కపెట్టాను. అన్నీ చైను పళ్ల వైపే విరిగాయి. ఆ పళ్లు విప్పితే గాని కొత్తవి దూరవు, విప్పే పనిముట్టేమో మూసిన షాపులో ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన దాచిన పాత స్పోకుల తలలు కత్తిరించి, కొనలు కొక్కేల్లా వంచి, రంధ్రాల్లో తగిలించి బిగించారు. చక్రం కొంచెం ఊగుతూనే తిరిగింది.

"ఇది ఇద్దర్ని మోయదు మే. నువ్వే పో," అన్నారు.

మార్కెట్ దాటి ఎన్నడూ తొక్కినదాన్ని కాదు. దోవలోని పిళ్ళైచావడి దాకా ప్రతి గుంతకీ ఊపిరి బిగబట్టాను. వెనక కిర్రుమంటే చాలు, అయిపోయిందనుకుని దిగి చూసేదాన్ని. యూనివర్సిటీ చేరేసరికి లోపల నా పేరే పిలుస్తున్నారు.

ఇంటర్వ్యూ అయ్యి బయటికొస్తే గేటు నీడలో మా ఆయన కూర్చుని ఉన్నారు. చేతిలో మిగిలిన స్పోకులు, మోకాళ్ల దాకా దుమ్ము. నడిచొచ్చారు.

"దోవంతా ఎతుకుతానే వచ్చినా. నువ్వు యాడా పడిలేవే," అన్నారు, అదేదో నా తప్పన్నట్టు.

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగం వచ్చింది, చేశాను, రిటైరయ్యాను. లోపల ఏమడిగారో ఒక్క ముక్కా గుర్తులేదు. ఏళ్లు అన్నీ పట్టుకుపోయి, ఆ దుమ్ము కాళ్లను మాత్రం నాకు వదిలేశాయి.